తల మీద గంపతో వచ్చే మనిషికి స్టేషన్ ఎంత దూరం? – ఒక సరిహద్దు పట్టణం కేస్ స్టడీ

దక్షిణ ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దుకు దగ్గరగా ఉన్న ఒక పట్టణంలో రైల్వే స్టేషన్ చుట్టుపక్కల ప్రాంతాన్ని తిరిగి తీర్చిదిద్దే ప్రణాళికలో పనిచేశాను. ఊరి పేరు, లైను పేరు రాయడం లేదు. మనుషుల్ని గుర్తుపట్టే వీలు లేకుండా కొన్ని వివరాలు మార్చాను. నిర్ణయాలు, వాటి వెనక జరిగిన ఆలోచన మాత్రం ఉన్నవి ఉన్నట్టే రాస్తున్నాను.

ఇది రాయడానికి కారణం ఉంది. 2023 ఆగస్టు 6న అమృత్ భారత్ స్టేషన్ పథకం కింద ఒకేసారి 508 స్టేషన్లకు శంకుస్థాపన జరిగింది. ఆ తర్వాత జాబితా ఇంకా పెరిగింది. చిన్న పట్టణాల స్టేషన్లకు కూడా డబ్బు వస్తోంది. స్టేషన్ భవనం మారినప్పుడు దాని చుట్టూ ఉన్న ఊరు ఎలా మారాలి అన్న ప్రశ్న ఇప్పుడు ఎన్నో మున్సిపాలిటీల బల్లల మీద ఉంది. దానికి జవాబు పెద్ద నగరాల మెట్రో పుస్తకాల నుంచి తెచ్చుకుంటే ఏమవుతుందో ఈ కేసులో దగ్గరగా చూశాను.

ఊరు, స్టేషన్

1936 ఏప్రిల్ 1న ఒడిశా విడి రాష్ట్రం అయ్యేదాకా ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. బజార్లో బేరం ఇప్పటికీ తెలుగులోనే జరుగుతుంది. ఆఫీసు కాగితం ఒడియాలో ఉంటుంది. కొండల నుంచి దిగే ఆడవాళ్లలో చాలామందికి ఇంట్లో కువి, కుయి లేదా సవర, సంతలో తెలుగు. వాళ్లు తెచ్చేవి కొండచీపుర్లు, చింతపండు, అడ్డాకులు, పసుపు, సీజన్‌లో పనసకాయలు, అనాసలు. పొద్దున ప్యాసింజర్‌కి దిగి, మధ్యాహ్నం బండికి తిరిగి వెళ్లిపోతారు.

స్టేషన్ ఊరి నడిమధ్యన ఉంది. పట్టాలకు ఒకవైపు పాత బజారు, బ్యాంకులు, ఆసుపత్రి. రెండోవైపు కాలనీలు, హైస్కూలు, ఆ వెనక గిరిజన కుటుంబాల ఇళ్లు, పొలాలు. స్టేషన్‌కి ముఖం బజారు వైపే ఉంది. వెనకవైపు గూడ్స్ లైను, గూడ్స్ షెడ్డు. వెనక కాలనీ నుంచి ప్లాట్‌ఫారం కంటికి కనిపిస్తూనే ఉంటుంది. రోడ్డు మీద వెళ్లాలంటే మాత్రం రైల్వే గేటు దాకా పోయి చుట్టు తిరగాలి, కిలోమీటరు పైనే. గేటు పడితే ఇంకా ఆలస్యం.

మా దగ్గరికి వచ్చిన సమస్య

మున్సిపాలిటీ మాకు చెప్పిన సమస్య ట్రాఫిక్. ఉదయం స్టేషన్ ముందు ఆటోలు, అమ్మేవాళ్లు, బస్సు కోసం నిలబడ్డవాళ్లు కలిసిపోయి అంబులెన్సుకు కూడా దారి ఉండదన్నారు. రైల్వే వాళ్లు చెప్పిన సమస్య వేరు. జనం పట్టాలు దాటుతున్నారు, గూడ్స్ బండి నిలబడి ఉంటే వ్యాగన్ల కింద నుంచి దూరుతున్నారు. రైల్వే చట్టం 1989లోని 147వ సెక్షన్ ప్రకారం ఇది ఆరు నెలల దాకా జైలుశిక్ష పడే నేరం. గోడ కట్టారు. గోడకు కన్నం పడింది. పూడ్చారు, పక్కన ఇంకోటి పడింది.

మేం వెళ్లేసరికి అంతకు ముందు వేరే సంస్థ తయారుచేసిన ఒక ముసాయిదా ప్లాను ఉంది. అది 2017 జాతీయ ట్రాన్సిట్ ఓరియెంటెడ్ డెవలప్‌మెంట్ (స్టేషన్ చుట్టూ నడక దూరంలో ఊరిని పెంచే) విధానాన్ని అనుసరించి వేసింది. ఆ విధానంలో స్టేషన్ నుంచి 500 నుంచి 800 మీటర్ల లోపు, అంటే అయిదు పది నిమిషాల నడక దూరాన్ని ప్రభావ ప్రాంతం అంటారు. అక్కడ అదనపు ఎఫ్‌ఏఆర్ (స్థలం విస్తీర్ణానికి ఎన్ని రెట్లు కట్టుకోవచ్చన్న పరిమితి) ఇచ్చి ఎక్కువ అంతస్తులు కట్టనివ్వాలి, ఇళ్లూ దుకాణాలూ కలిసి రావాలి, అందుబాటు ధర ఇళ్లకు వాటా ఉంచాలి. మంచి విధానమే. రైలు దిగిన మనిషి ఇంటికి నడిచి వెళ్లగలిగితే నగరం మీద భారం తగ్గుతుందన్న మాటను నేను మనసారా నమ్ముతాను.

ముసాయిదాలో స్టేషన్ నడిబిందువుగా 500 మీటర్ల వృత్తం గీసి, లోపల అంతా ఒకే అదనపు ఎఫ్‌ఏఆర్ పెట్టారు. స్టేషన్ ముందు ఆవరణలో రెండంతస్తుల వెండర్ల కాంప్లెక్సు చూపించారు. వెనక కాలనీ కూడా వృత్తంలోనే పడింది. కాగితం మీద అది స్టేషన్‌కి మూడు నిమిషాల దూరం.

ముందు ఎఫ్‌ఏఆర్ సంగతి

దీని మీద మేం ఎక్కువ కాలం పెట్టలేదు, ఎందుకంటే జవాబు త్వరగానే వచ్చింది. పాత బజారు వీధుల్లో స్థలాలు సన్నగా, పొడుగ్గా ఉంటాయి. చట్టం అడిగే ఖాళీలు, పార్కింగ్ వదిలితే కట్టడానికి మిగిలేది కొంచెమే. ఎత్తు 15 మీటర్లకు చేరితే జాతీయ భవన నిర్మాణ కోడ్ 2016 ప్రకారం అది హైరైజ్ కిందికి వస్తుంది, అగ్నిమాపక ఏర్పాట్ల ఖర్చు మీద పడుతుంది. లిఫ్టు పెట్టి నాలుగో అంతస్తు అద్దెకిస్తే వచ్చే డబ్బు ఈ ఊళ్లో ఆ ఖర్చుకు సరిపోదు. ఉన్న ఎఫ్‌ఏఆరే చాలామంది పూర్తిగా వాడుకోలేదు. వాడుకోని హక్కును ఇంకా పెంచి ఇవ్వడం వల్ల ఊరికి ఒరిగేది లేదు.

వెనకవైపు పరిస్థితి ఇంకా సున్నితం. ఇది షెడ్యూల్డ్ ప్రాంతం. 1956 నాటి ఒడిశా షెడ్యూల్డ్ ప్రాంతాల స్థిరాస్తి బదిలీ నిబంధన ప్రకారం గిరిజనుల భూమి గిరిజనేతరులకు బదిలీ కాకూడదు. అదనపు ఎఫ్‌ఏఆర్ అంటే మార్కెట్‌కి మనం పంపే కబురు: ఇక్కడ భూమి విలువ పెరుగుతుంది, కొనండి అని. కొనడానికి చట్టం ఒప్పుకోని చోట ఆ కబురు పంపితే జరిగేది బినామీ వ్యవహారమే. అందుకే వెనకవైపు అదనపు ఎఫ్‌ఏఆర్ వద్దని మొదటి సమావేశంలోనే గట్టిగా చెప్పాం. ఒకరిద్దరు కౌన్సిలర్లకు నచ్చలేదు. మినిట్స్‌లో రాయించాం.

బజారు వైపు వృత్తం బదులు ఒక చిన్న మార్పిడి పెట్టాం. రోడ్డు మీది ఇంటి యజమాని కింద అంతస్తులో ముందు భాగాన్ని జనం నడిచే వసారాగా వదిలితే, అంత విస్తీర్ణం పైన కట్టుకోవచ్చు. ఈ వీధుల్లో అరుగులు, వసారాలు పాతవే కాబట్టి జనానికి కొత్తగా వివరించాల్సిన పని పడలేదు. కొందరు ముందుకొచ్చారు. ఎక్కువ అంతస్తుల కోసం ఎదురుచూసిన ప్లానులో ఎవరూ కదల్లేదు, ఒక్క గదికి సరిపడే మార్పిడికి కదిలారు.

ముందుగా చేసి చూసినవి

స్టేషన్ ముందు పనులు మొదలవ్వాలి కాబట్టి మున్సిపాలిటీ ఉదయం అమ్మేవాళ్లను బస్టాండు దగ్గర ఒక యార్డుకు మార్చింది. ఆ యార్డును నేను తప్పుపట్టను. రేకుల నీడ, కుళాయి, గట్టి నేల అన్నీ ఉన్నాయి. చాలా ఊళ్లలో ఆ మాత్రం కూడా ఉండదు. కొన్ని వారాలకే అది ఖాళీ అయింది, గంపలన్నీ తిరిగి స్టేషన్ ముందుకే చేరాయి. అధికారులు దాన్ని మొండితనం అనుకున్నారు. లెక్క చూస్తే అలా లేదు. పొద్దున బండికీ మధ్యాహ్నం బండికీ మధ్య ఉన్న నాలుగైదు గంటలే వాళ్ల వ్యాపారం. యార్డు దాకా మోయడానికి, తిరిగి రావడానికి పోయే సమయం అందులోంచే తియ్యాలి. ఆటో ఎక్కితే చీపుర్ల మీద మిగిలేది ఆటోకే పోతుంది. పైగా కొనేవాళ్లలో సగం మంది అదే బండి దిగి ఇళ్లకు పోయేవాళ్లు, వాళ్లు బస్టాండు వైపు రారు.

రెండోది కాలివంతెన. ప్లాట్‌ఫారాల మధ్య ఉన్న ఫుట్ ఓవర్ బ్రిడ్జిని వెనకవైపుకి పొడిగించి మెట్లు దింపారు. గోడ కన్నాల సమస్య దీనితో తీరుతుందని అందరూ అనుకున్నారు. అనుకోవడం సబబే. స్కూలు పిల్లలు, ఉద్యోగస్తులు ఆ వంతెన బాగా వాడుకున్నారు. పట్టాలు దాటే జనం తగ్గారు. కానీ పూర్తిగా ఆగలేదు. ఆగనివాళ్లు ఎవరు అన్నది చూడటంతో మా ఆలోచన మారింది.

మామూలుగా ట్రాఫిక్ సర్వేలో నడిచే మనిషిని ఒక గీతగా లెక్కపెడతారు. చేతులూపుకుంటూ వెళ్లేవాడూ ఒక గీతే, ముప్పై కిలోల మూట మోసే మనిషీ ఒక గీతే. మేం సర్వే కాగితంలో 'మోత' అని ఒక గడి కలిపాం. ఆ గడి నింపాక బొమ్మ స్పష్టమైంది. వట్టి చేతులవాళ్లు వంతెన ఎక్కుతున్నారు. మోత ఉన్నవాళ్లు ప్లాట్‌ఫారం చివర వాలుగా దిగే చోటు నుంచి దిగి పట్టాలు దాటుతున్నారు.

కరెంటు తీగలున్న లైను మీద వంతెన నేల పట్టాల నుంచి ఆరేడు మీటర్ల ఎత్తులో ఉంటుంది. మెట్టు ఎత్తు 15 సెంటీమీటర్లనుకుంటే నలభై మెట్లు దాటుతాయి. ఒక పెద్దావిడను ప్లాట్‌ఫారం చివర పలకరించాను. తల మీద చుట్టకుదురు, దాని మీద చింతపండు గంప.

"అప్పా, వంతెన మీంచి రావచ్చు కదా? మధ్యలో ఆయాసం వస్తే దించుకుని కూర్చోవచ్చు" అన్నాను.

"దించితే మళ్లీ ఎవలెత్తుతారు బాబూ?" అంది.

నిండు గంపను నేల మీంచి తల మీదికి ఎత్తుకోవడం ఒక్క మనిషి వల్ల కాదు, ఇంకొకరు చెయ్యి వెయ్యాలి. ఒకసారి ఎత్తుకున్నాక దించకుండా చేరగలిగే దారే ఆమెకు దారి. మెట్ల దారి ఎంత దగ్గరైనా ఆమె లెక్కలో లేదు. ఆ ఒక్క మాటతో ముసాయిదాలోని వృత్తం మాకు అక్కరకు రాకుండా పోయింది. వెనక కాలనీ ప్లాట్‌ఫారానికి రెండువందల మీటర్లే. మోతతో ఉన్న మనిషికి గేటు మీదుగా కిలోమీటరున్నర, లేదంటే వ్యాగన్ల కింద.

దారి ఎంపిక

మా ముందు మూడు మార్గాలు ఉన్నాయి. మొదటిది వంతెనకు ర్యాంపు. 1:12 వాలు పెడితే ఆరున్నర మీటర్ల ఎత్తుకు 78 మీటర్ల ర్యాంపు కావాలి, మధ్యలో ఆగే చదునులు కలిపితే ఇంకా ఎక్కువ. అదీ రెండువైపులా. స్థలం లేదు, ఉన్నా అంత ఎక్కి దిగమని మోత మనిషిని అడగలేం. రెండోది లిఫ్టు. ముసలివాళ్లకు, వీల్‌చైర్ వాళ్లకు అది కావాల్సిందే, ఆ ప్రతిపాదన అలాగే ఉంచాం. కానీ ఒకే బండికి దిగే గంపలన్నీ ఒక లిఫ్టులో వెళ్లలేవు.

మూడోది పట్టాల కింద దారి. స్టేషన్ భవనం ఎదుటే తవ్వితే కిందికి దాదాపు నాలుగు మీటర్లు దిగాలి, వానాకాలంలో నీళ్లు నిలుస్తాయి. అండర్‌పాస్ అన్న మాట వినగానే ఊరివాళ్లు భయపడ్డారు, వాళ్ల భయం న్యాయమైంది. మోకాలి లోతు నీళ్లు నిలిచిన అండర్‌పాసులు మనందరం చూసినవే.

అప్పుడు గెడ్డ, అంటే చిన్న వాగు, గుర్తుకొచ్చింది. రైల్వే యార్డు ఒక చివర, స్టేషన్ భవనానికి కొంత దూరంగా, రైలు కట్ట ఒక గెడ్డను దాటుతుంది. అక్కడ నేల పల్లం, కట్ట ఎత్తు. గెడ్డ మీద పాత తూము ఉంది. ఎండాకాలంలో గెడ్డ ఎండితే ఆ తూములోంచి జనం నడుస్తున్నారు, కాలిబాట అరిగి కనిపిస్తోంది. అంటే ఊరు తన దారిని ముందే వెతుక్కుంది. కట్ట ఎత్తుగా ఉంది కాబట్టి అక్కడ పట్టాల కింద దారి వేస్తే కిందికి దిగాల్సిన పని దాదాపు ఉండదు.

స్టేషన్ నుంచి దూరమని రైల్వే ఇంజనీర్లు అభ్యంతరం చెప్పారు. ప్రయాణికుల సౌకర్యం అంటే భవనానికి ఆనుకుని ఉండాలన్నది వాళ్ల అలవాటు. మేం సర్వే కాగితాలు ముందు పెట్టాం. మోత ఉన్న మనిషి చదును నేల మీద రెండువందల మీటర్లు అదనంగా నడవడానికి వెనకాడదు, ఇరవై మెట్లకు వెనకాడుతుంది. ఈ వాదన కొసాకు నిలిచింది. మున్సిపాలిటీ డబ్బు జమచేస్తే రైల్వే కట్టే డిపాజిట్ వర్క్ పద్ధతిలో, తూముకు పక్కన, గెడ్డ అడుగు కంటే ఎత్తులో ఒక కాంక్రీటు పెట్టె దారి వేయాలని ఒప్పందం కుదిరింది. ముందే పోతపోసిన పెట్టెను కట్టలోకి జాకీలతో నెట్టే పద్ధతి వల్ల బళ్లు ఆపాల్సిన సమయం తక్కువ.

డిజైన్‌లో రెండు చోట్ల గట్టిగా పట్టుబట్టాం. ఒకటి ఎత్తు. పాదచారుల దారులకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012 నాటి మార్గదర్శకాలు (ఐఆర్‌సీ 103) చెప్పిన కనీస ఎత్తు 2.2 మీటర్లు. తల మీద గంప, గంప పైన చీపుర్ల కట్ట నిలువుగా ఉంటే అది తగులుతుంది. మూడు మీటర్లు అడిగాం. ఇంకొకటి దిమ్మలు. దారికి రెండు చివర్లా, మధ్యలోనూ భుజం ఎత్తుకు దగ్గరగా కాంక్రీటు దిమ్మలు పెట్టించాం. తల మీది గంపను వంగకుండా దాని మీదికి జరపవచ్చు, సేద తీరాక ఇంకొకరి సాయం లేకుండా మళ్లీ తలకెత్తుకోవచ్చు. ఎస్టిమేట్‌లో ఆ దిమ్మల ఖర్చు లెక్కలోకి వచ్చేంతది కాదు. అయినా దాన్ని కొట్టెయ్యకుండా కాపాడటానికి ప్రతి సమావేశంలోనూ మాట్లాడాల్సి వచ్చింది, ఎందుకంటే ఏ కోడ్‌లోనూ ఆ పేరుతో వస్తువు లేదు.

మోటారు సైకిళ్లను ఆపే విషయంలో పూర్తి పరిష్కారం దొరకలేదు. వీల్‌చైర్ పట్టేంత సందు వదిలితే బైకూ దూరుతుంది. బైకును ఆపేంత సన్నం చేస్తే వీల్‌చైర్ ఆగిపోతుంది. వీల్‌చైర్ వైపే నిలబడ్డాం.

బజారు తనంతట తాను కదిలింది

ఈ కేసులో నేను అందరికీ చెప్పాలనుకునే భాగం ఇదే. 2014 వీధి వర్తకుల చట్టం అమ్ముకునేవాళ్లకు గట్టి రక్షణ ఇస్తుంది. సర్వే చేసి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవరినీ లేపకూడదు. టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం అమ్ముకునేవాళ్లే ఉండాలి, వాళ్లలో మూడోవంతు ఆడవాళ్లు. కానీ అదే చట్టం రైల్వే భూమికి, రైళ్లకు వర్తించదని మొదటి సెక్షన్‌లోనే ఉంది. స్టేషన్ ముందు ఆవరణలో హద్దు ఎక్కడో మామూలు కంటికి తెలియదు. పాత రైలు పట్టాల ముక్కలు నిలువునా పాతిన హద్దు గుర్తులు వెతికి పట్టుకుంటే, ఉదయం గంపల వరుసలో ఎక్కువ భాగం రైల్వే వైపే పడింది. అంటే చట్టం కాపాడని చోట వాళ్లు కూర్చున్నారు. స్టేషన్ పనులు మొదలైతే లేపడానికి నోటీసు కూడా అక్కర్లేదు.

వాళ్లను అవతలి రోడ్డుకు మార్చమని మేం చెప్పలేదు. యార్డు అనుభవం ముందే ఉంది. అమ్మేవాళ్లు దారి వెంట ఉంటారు, దారి ఎటు జరిగితే అటు వస్తారు అన్న నమ్మకంతో, కొత్త దారి నోటి దగ్గర మున్సిపల్ రోడ్డును ముందే వెడల్పు చేయించి, దీపాలు, నీళ్ల కుళాయి పెట్టించి, వెండింగ్ జోన్‌గా కమిటీ చేత ప్రకటింపజేశాం. నోటీసు ఒడియాలో అంటించి ఊరుకోకుండా తెలుగులో, కువిలో ప్లాట్‌ఫారం మీదే మనిషి చేత చెప్పించాం.

దారి తెరుచుకున్నాక మొదట చీపుర్లు అమ్మేవాళ్లు అక్కడ కూర్చున్నారు. కొనేవాళ్లు రెండువైపుల నుంచీ రావడం చూసి మిగిలినవాళ్లూ వచ్చారు. ఎవరినీ లేపకుండా గంపల వరుస రైల్వే భూమి నుంచి మున్సిపల్ రోడ్డు మీదికి, అంటే చట్టం నీడలోకి వచ్చింది. స్టేషన్ ముందు అంబులెన్సుకు దారి దొరికింది. వెండర్ల కాంప్లెక్సు ప్రతిపాదనను కౌన్సిల్ పక్కన పెట్టింది.

దీనివల్ల నష్టపోయినవాళ్లూ ఉన్నారు. స్టేషన్ ఎదుటి టీ బడ్డీలకు ఉదయం బేరం తగ్గింది. వాళ్లలో ఇద్దరు ముగ్గురు కొత్త దారి దగ్గర చోటు అడిగారు, జోన్ అప్పటికే నిండింది. సర్వే జాబితాలో వాళ్లు ముందునుంచీ ఉంటే వాళ్లకూ వాటా వచ్చేది. ఇంకో ఊళ్లో ఈ పని చేసేటప్పుడు గంపలతో పాటు వాటి మీద ఆధారపడ్డ టీ బడ్డీని, మోత కూలీని, ఆటోను ఒకే జాబితాలో రాయించండి.

ప్రభావ ప్రాంతాన్ని కూడా తిరిగి గీశాం. గుండ్రంగా ఉండాల్సిన పని లేదు. మోతతో, మెట్లు లేకుండా పది నిమిషాల్లో చేరగల దారులన్నీ రంగు వేస్తే అది చెయ్యి చాచిన వేళ్లలా వచ్చింది. హైస్కూలు, వెనక కాలనీ అందులో ఉన్నాయి, గేటు అవతల వృత్తంలో ఉన్న రెండు వీధులు బయటికి పోయాయి. మౌలిక సదుపాయాల డబ్బు ఆ వేళ్ల వెంటే పెట్టాలని ప్లాను రాశాం. రైళ్లు నిమిషాల మీద నడిచే మెట్రో నగరంలో వృత్తం చాలా తప్పులను కప్పేస్తుంది. రోజుకు కొద్ది బళ్లే ఆగే ఊళ్లో ఆ తప్పులు ఒక్కో మనిషి మెడ మీద పడతాయి.

ప్రస్తుతం

వెనకవైపు దారి నోటి దగ్గర గిరిజన కుటుంబాల స్థలాలకు ఇప్పుడు గిరాకీ వచ్చింది. దుకాణాల కోసం బయటి వ్యాపారులు దీర్ఘకాల ఒప్పందం కాగితాలు పట్టుకుని తిరుగుతున్నారు. ఇది వస్తుందని ప్లానులో ముందే రాసి, అక్కడ ఇంటి ముందు ఒకటి రెండు గదుల దుకాణాలకు యజమాని కుటుంబానికే సులభంగా అనుమతి ఇచ్చే ఏర్పాటు పెట్టాం. పెట్టుబడి మాత్రం వాళ్ల దగ్గర లేదు. 2001లో మొదలైన ఒడిశా ప్రభుత్వ మిషన్ శక్తి కింద అక్కడ ఆడవాళ్ల పొదుపు సంఘాలు ఉన్నాయి. భూమి తాకట్టు లేకుండా సంఘం పేరు మీద అప్పు తీసుకుని గదులు కట్టుకోవడానికి రెండు సంఘాలు దరఖాస్తు పెట్టాయి. బ్యాంకు మున్సిపల్ అనుమతి కాగితం అడుగుతోంది, మున్సిపాలిటీ తహసీల్దారు దగ్గర నుంచి భూమి రికార్డు నకలు అడుగుతోంది. ఆ నకళ్ల కోసం ఒక్కో ఇంటికి పట్టా నంబర్లు సరిచూసే పని మా బృందంలో ఒకరు చేస్తున్నారు.